మెయిన్ స్ట్రీట్ కథకుడు సింక్లెయిర్ లూయిస్

అమెరికా సంయుక్త రాష్ట్రముల నడిమి భాగమున, ఉత్తరమున కెనడా సరిహద్దును ఆనుకొని మిన్నెసోటా అను రాష్ట్రము కలదు. పదివేల సరస్సుల నాడు అని దానికి మారుపేరు. ఆ రాష్ట్రమున, మినియాపొలిస్ మహానగరమునకు వాయవ్య దిశగా సుమారు నూరు మైళ్ల దూరమున, సాక్ సరస్సు దక్షిణపు కొసను సాక్ సెంటర్ అను చిన్న పట్టణ మున్నది. జనసంఖ్య నాలుగు వేల పైచిలుకు మాత్రమే. చుట్టును మొక్కజొన్న చేలు, పచ్చిక బీళ్లు, పాడిపశువుల కొట్టములు. ఇట్టి ఊళ్లు ఆ ప్రాంతమున వందల కొలది కలవు. ఐనను సాక్ సెంటర్‌ను చూడవలెనని ఖండాంతరముల నుండి గూడ యాత్రికులు వచ్చుచుందురు. అచటి ప్రధాన వీధికి ఇదియే అసలైన మెయిన్ స్ట్రీట్ అని పలక కట్టియున్నది. ఆ వీధికి అడ్డముగా పోవు మరియొక వీధి పేరు సింక్లెయిర్ లూయిస్ అవెన్యూ. 1920వ సంవత్సరమున ఆ ఊరిని, ఆ వీధిని ఎగతాళి చేసి లోకమునకు చూపిన వాడెవడో, వాని పేరునే ఆ ఊరివారు తమ వీధికి పెట్టుకొనిరి. ఈ చిత్రము ఎట్లు సంభవించినదో తెలిసికొనవలెనన్నచో ఆ రచయిత జీవితమును మొదటినుండి చూడవలెను.

హ్యారీ సింక్లెయిర్ లూయిస్ 1885 ఫిబ్రవరి 7వ తేదీన సాక్ సెంటర్‌లో జన్మించెను. తండ్రి డాక్టర్ ఎడ్విన్ లూయిస్ పల్లెటూరి వైద్యుడు. మంచు కురిసినను, బురద పట్టినను గుర్రపుబండి తోలుకొని దూరమున నున్న రైతుల ఇండ్లకు పోయి చికిత్స చేయువాడు. కాలనియమమునందును, పొదుపునందును ఆయనకు పట్టుదల మెండు. మాటలు కొంచెము, లాలన అంతకంటె కొంచెము. తల్లి ఎమ్మా 1891లో మరణించునప్పటికి హ్యారీకి ఆరేండ్లు. మరుసటి యేడు తండ్రి ఇసబెల్ వార్నర్ అను నామెను వివాహమాడెను. సవతితల్లి అనినంతనే మనకు తోచు భావములకు ఆమె పూర్తిగా భిన్నురాలు. తల్లిలేని బాలుని దగ్గరకు తీసి, పుస్తకములు చదివి వినిపించి, వాని మనస్సునకు ఊరట కలిగించినది ఆమెయే. లూయిస్ కడవరకును ఆమెను కన్నతల్లినివలెనే స్మరించెను.

ముగ్గురు అన్నదమ్ములలో హ్యారీ కనిష్ఠుడు. పెద్దన్న ఫ్రెడ్. రెండవ అన్న క్లాడ్ చదువునందును, ఆటలయందును, వేటయందును ముందుండువాడు; పిమ్మట వైద్యవిద్య నభ్యసించి, సమీపమున నున్న సెయింట్ క్లౌడ్ నగరమున శస్త్రవైద్యుడుగా పేరు గాంచెను. ఊరు మెచ్చుకొను గుణములన్నియు అతనియందు కలవు. హ్యారీ విషయ మంతయు దీనికి విరుద్ధము. పొడగరి, బక్కపలుచనివాడు, ఎర్రని జుట్టు, మొటిమలతో నిండిన మొగము. బంతి విసరుట చేతకాదు, తుపాకి పట్టుట చేతకాదు. తోటిబాలురు ఆటలకు పిలువరు, పిలిచినను నవ్వుటకే. అన్న మెప్పు పొందవలెనను కోరిక ఆనాడు వాని మనస్సున నాటుకొన్నది. ప్రపంచఖ్యాతి వచ్చిన పిదపగూడ ఆ కోరిక అతనిని విడువలేదు.

1898లో అమెరికాకును స్పెయిన్‌కును యుద్ధము మొదలయ్యెను. పదమూడేండ్ల హ్యారీ సైన్యమున చేరి నగారా వాయింపదలచి, ఎవరికిని చెప్పక ఇల్లు విడిచి బయలుదేరెను. రైలుస్టేషనువరకు మాత్రమే పోగలిగెను. తండ్రి వెంటబడి వచ్చి వెనుకకు తీసికొనిపోయెను. ఊరు విడిచి పారిపోవుటకు అతడు చేసిన మొదటి ప్రయత్నమిది. తరువాతి జీవితమంతయు ఒక విధముగ ఇదే ప్రయత్నము యొక్క పునరావృత్తి యని చెప్పవచ్చును. ప్రతిసారియు ఏదో ఒకటి అతనిని వెనుకకు తెచ్చుచునే యుండెను.

బాల్యమున అతనికి నిజమైన స్నేహితులు పుస్తకములు. ఊరి గ్రంథాలయమున దొరికిన వాని నెల్ల చదివెను. దినచర్య వ్రాసికొనుట అలవాటు చేసికొనెను. సెలవులలో స్థానిక పత్రికా కార్యాలయమున చిన్నచిన్న పనులు చేయుచు అచ్చు అక్షరములతో పరిచయము సంపాదించెను. మెయిన్ స్ట్రీట్ కూడలిలో 1901లో కట్టబడిన పామర్ హౌస్ అను హోటలున్నది. యువకుడుగా లూయిస్ కొంతకాలము అందు గుమాస్తాగా నుండెననియు, అతిథులను కనిపెట్టుటకంటె పగటికలలు కనుటయందును, పుస్తకములు చదువుటయందును మునిగియుండుటచేత యజమాని అతనిని తొలగించెననియు ఊరివారు చెప్పుకొందురు. ఆ హోటలే మరి కొన్ని సంవత్సరములకు వేరొక పేరుతో నవలలోనికి ఎక్కినది.

1902లో లూయిస్ ఒహాయో రాష్ట్రమున ఓబర్లిన్‌కు పోయి కళాశాల ప్రవేశమునకు కావలసిన చదువు చదివెను. మరుసటి యేట యేల్ విశ్వవిద్యాలయమున చేరెను. తూర్పుతీరపు సంపన్న కుటుంబముల బిడ్డల నడుమ ఈ పల్లెటూరి పొడగరికి స్నేహితులు అంతగా కుదురలేదు. ఐనను విశ్వవిద్యాలయ సాహిత్య పత్రికలో అతని పద్యములు, కథలు ప్రకటింపబడుచుండెను. 1905 వేసవిలో ఇంటికి వచ్చినపుడు ఊరి నిశ్చలజీవనము అతనిని ఊపిరాడనీయలేదు. చిన్న ఊళ్లలో చురుకైన మనస్సులను మెల్లమెల్లగా మొద్దుబార్చు రోగమొకటి కలదనియు, దానికి ఊరి విషక్రిమి అని పేరు పెట్టి నవల వ్రాయవలెననియు అపుడే సంకల్పించెను. ఆ సంకల్పము ఫలించుటకు పదునైదేండ్లు పట్టినది.

పట్టభద్రుడు కాకముందే, 1906లో, అతడు విశ్వవిద్యాలయమును విడిచి న్యూజెర్సీ రాష్ట్రమున ప్రసిద్ధ రచయిత ఆప్టన్ సింక్లెయిర్ స్థాపించిన హెలికన్ హాల్ అను సహకార నివాసమున చేరెను. అచట అతని పని కొలిమి రాజవేయుట, ఇల్లూడ్చుట. పిదప కాలువ త్రవ్వుచున్న పనామాకు పని వెదకికొనుచు ఓడలో పోయి, పని దొరకక తిరిగివచ్చెను. తుదకు 1908లో యేల్ పట్టము పుచ్చుకొనెను. తరువాత ఐయోవాలో ఒక పత్రిక, కాలిఫోర్నియాలో మరియొకటి, వాషింగ్టన్‌లో బధిరుల ఉపాధ్యాయులకొరకు వెలువడు మాసపత్రిక, న్యూయార్క్‌లో ప్రచురణ సంస్థలు, ఇట్లు ఊరూర తిరుగుచు జీవనము గడపెను. అతని తలలో కథాబీజములు కోకొల్లలు. కొన్నింటిని కొద్ది డాలర్ల చొప్పున నాటి ప్రసిద్ధ రచయిత జాక్ లండన్‌కు అమ్మెను. తన ఊహలను పరులకు అమ్ముకొని పొట్టపోసికొనిన ఈ యువకుడు ఇరువదేండ్లలో తన దేశమునకు మొదటి నోబెల్ సాహిత్య బహుమానమును తెచ్చునని ఎవరును ఊహించి యుండరు.

1914లో అతని మొదటి నవల వెలువడెను. ఆ యేడే గ్రేస్ హెగ్గర్ అను విదుషిని వివాహమాడెను. ఆమె న్యూయార్క్ నాగరకతలో పెరిగినది. 1917లో వారికి కలిగిన కుమారునకు, ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్‌పై గల గౌరవముచేత, వెల్స్ అని పేరు పెట్టిరి. వారపత్రికలకు వ్రాయు కథలవలన రాబడి కుదిరినంతనే 1915 చివర లూయిస్ ఉద్యోగము మానెను. 1916లో భార్యను వెంటబెట్టుకొని కొన్ని నెలలు సాక్ సెంటర్‌లో నివసించెను. ఈ మజిలీ అతని సాహిత్యజీవితమున ముఖ్యమైనది. చిన్ననాటినుండి చూచిన వీధి, అంగళ్లు, భోజనపు వేళలు, ఇరుగుపొరుగువారి సంభాషణలు, అన్నియు ఇపుడు భార్య కన్నులతో క్రొత్తగా చూచెను. ఊరి బిడ్డగా అతనికి వివరము తెలియును. బయటినుండి వచ్చిన ఆమె వలన దూరము లభించినది. ఈ రెండును కలిసినపుడే నవల పండును. పిమ్మట వారిరువురును ఒక ఫోర్డు కారు కొని సాక్ సెంటర్ నుండి పశ్చిమ తీరమున సియాటిల్ వరకు ప్రయాణము చేసిరి.

తరువాత వాషింగ్టన్ నగరమున కూర్చుండి లూయిస్ ఆ పాత సంకల్పమును పూర్తి చేసెను. 1920 అక్టోబరులో మెయిన్ స్ట్రీట్ అను నవల ప్రచురింపబడెను.

కథ క్లుప్తముగ ఇది. సెయింట్ పాల్ నగరమున గ్రంథాలయోద్యోగిని యైన కేరొల్ అను యువతి, గోఫర్ ప్రెయిరీ అను చిన్న ఊరి వైద్యుడు విల్ కెన్నికాట్‌ను వివాహమాడి కాపురమునకు వచ్చును. ఆ ఊరిని అందముగా, సంస్కారవంతముగా తీర్చిదిద్దవలెనని ఆమె ఆశ. వచ్చిన దినముననే ఊరు చూడ బయలుదేరి, ముప్పది రెండు నిమిషములలో ఊరంతయు తిరిగి ముగించును. మురికిపట్టిన అద్దములు, పొందికలేని ఇటుక కట్టడములు, ఈగలు ముసరిన అంగళ్లు చూచి ఆమె గుండె క్రుంగును. ఇచట లూయిస్ ఒక చక్కని పని చేసెను. అదే దినమున, అదే వీధిలో, పొలముల నుండి పని వెదకికొనుచు వచ్చిన బీ అను స్వీడిష్ పిల్లను నడిపించెను. కేరొల్‌కు నీచముగా కనబడిన ప్రతి అంగడియు బీకి ఇంద్రభవనముగా తోచును. వీధి ఒక్కటియే, కన్నులు వేరు. ఈ నవల ఊరిని తిట్టుటకే వ్రాయబడినదని తలచు వారు ఈ ఘట్టమును మరచినవారే.

కేరొల్ నాటకములాడించును, గ్రంథాలయమును బాగు చేయబోవును, విందులలో క్రొత్త పద్ధతులు ప్రవేశపెట్టును. ఊరివారు నవ్వుదురు, గుసగుసలాడుదురు, కనిపెట్టి చూచుచుందురు. బీ ఆమె ఇంట పనికి కుదిరి, పిదప మైల్స్ అను కూలివానిని పెండ్లాడును. కలుషితమైన నీటివలన సన్నిపాత జ్వరము సోకి బీయును, ఆమె చిన్నబిడ్డయు మరణింతురు. మైల్స్ మతమును, ధనికులను నిందించువాడగుటచేత ఊరి గృహిణులు అంతవరకు ఆ ఇంటి గడప త్రొక్కినవారు కారు. కష్టము ముదిరిన పిదప పళ్లెములు పట్టుకొని వచ్చినవారిని అతడు తిప్పి పంపును. చిన్న ఊరి దయ ఎంత ఆలస్యముగా మేల్కొనునో ఈ భాగము తెలుపును. ఐనను పల్లెవైద్యుడైన కెన్నికాట్ మంచుతుఫానులో పోయి, దీపపు వెలుతురున, వంటయింటి బల్లపై శస్త్రచికిత్స చేసి ప్రాణములు నిలుపు దృశ్యమును గూడ లూయిస్ అంతే శ్రద్ధతో చిత్రించెను. అది వ్రాయునప్పుడు గుర్రపుబండిలో పోవు తన తండ్రి అతని కన్నుల యెదుట నుండెననుటలో సందేహము లేదు.

కేంద్రప్రభుత్వ కార్యాలయములందు పనిచేయు మనవంటివారికి ఆసక్తి కలిగించు భాగమొకటి ఈ నవలలో కలదు. ఊరితో విసిగి కేరొల్ కుమారుని తీసికొని వాషింగ్టన్ పోయి, యుద్ధకాలపు భీమా శాఖలో ఉద్యోగమున చేరును. రాజధానిలో తన కాళ్లపై నిలిచి బ్రదుకుట ఆమెకు గొప్ప స్వాతంత్ర్యముగా తోచును. కాని కొన్నాళ్లకు కార్యాలయమునందును గుంపులు, చాడీలు, అసూయలు గోఫర్ ప్రెయిరీలోవలెనే యుండునని గ్రహించును. నగరమున ఎదురైన వారిలో పెక్కురు ఏదో ఒక చిన్న ఊరినుండి వచ్చినవారేయని తెలిసికొనును. ఇంచుమించు రెండేండ్ల పిదప ఆమె తిరిగి ఊరు చేరును. ఓడిపోయితినని ఒప్పుకొనును గాని, ఉన్నదంతయు మంచిదేయని మాత్రము ఒప్పుకొనదు. నవల అట్లు ముగియును.

ఈ పుస్తకము అమెరికాను కుదిపివేసెను. మొదటి ఆరు నెలలలోనే 1,80,000 ప్రతులు అమ్ముడుపోయినవి. దేశమంతటను చిన్న ఊళ్లవారు తమ ఊరినే వ్రాసినాడని కోపగించిరి. తమ ఊరినే వ్రాసినాడని ఉత్తరములు వ్రాసి అభినందించిన వారును కలరు. మెయిన్ స్ట్రీట్ అను మాట ఆంగ్లభాషలో సంకుచితమైన తృప్తికి పర్యాయపద మయ్యెను. 1921లో పులిట్జర్ బహుమాన నిర్ణేతలు ఈ నవలనే సూచించిరి. కాని పైనున్న ధర్మకర్తలు ఆ నిర్ణయమును త్రోసిపుచ్చి ఈడిత్ వార్టన్ వ్రాసిన నవలకు బహుమానమిచ్చిరి. లూయిస్ ఆమెపై ఈర్ష్య పూనలేదు. తన తరువాతి నవలను ఆమెకే అంకితము చేసెను.

సాక్ సెంటర్‌కు మాత్రము ఇది గాయమే. గోఫర్ ప్రెయిరీ అను పేరు వెనుక తమ సరస్సు, తమ హోటలు, తమ అంగళ్లు కనబడుచుండగా ఎవరు మురిసిపోవుదురు? చిన్ననాడు తాము నవ్విన పొడగరి పిల్లవాడు ఇపుడు లోకమునంతటిని పిలిచి తమను చూపి నవ్వించుచున్నాడని వారికి తోచినచో అది అసహజము కాదు.

1922లో వెలువడిన బాబిట్ అను నవల మధ్యతరగతి వ్యాపారి జీవితమును చిత్రించినది. ఇండ్లు, స్థలములు అమ్మించు దళారి కథ యది. దానికొరకు జెనిత్ అను నగరమును ఊహించి, దానికి వీధులతో, పేటలతో పటములు గీచికొని, పిదప వ్రాయుట ప్రారంభించెను. లూయిస్ పనితీరు ఇట్టిది. ఒక వృత్తిని గూర్చి వ్రాయవలెనన్న ఆ వృత్తిలోనివారి నడుమ నెలల తరబడి మెలగి, వారి మాట, నడక, ఖర్చు, కలలు అన్నియు పుస్తకములలో నమోదు చేసికొనువాడు. బాబిట్ అను పేరు సయితము నిఘంటువుల కెక్కెను.

1925లో ఆరోస్మిత్ వచ్చెను. వైద్యుల ఇంట పుట్టిన లూయిస్ ఇందు పరిశోధనయే జీవితముగా గల యువవైద్యుని కథ చెప్పెను. శాస్త్రవిషయములందు పాల్ డి క్రైఫ్ అను సూక్ష్మజీవిశాస్త్రజ్ఞుడు అతనికి తోడ్పడెను. సత్యాన్వేషణకును, ధనమునకును, కీర్తికిని నడుమ నలుగు మనస్సును ఇంత సానుభూతితో చూపిన నవల అతని రచనలలో మరియొకటి లేదు. ఎగతాళి చేయుట మాత్రమే తెలిసినవాడన్న అపవాదు దీనితో తొలగెను. దీనికి 1926లో పులిట్జర్ బహుమాన మీయబడగా అతడు నిరాకరించెను. అమెరికా జీవనము యొక్క మంచి వాతావరణమును చూపు నవలకే ఇది ఈయవలెనని నియమ ముండెను. సాహిత్యపు విలువకుగాక సత్ప్రవర్తనకు ఇచ్చు బహుమానము రచయితలను సాధుజంతువులనుగా చేయునని అతని ఆక్షేపణ. 1921నాటి పాత గాయముగూడ లోలోన మిగిలియుండెనని అనుకొన్నవారు కలరు. ఆ 1926లోనే తండ్రి మరణించెను. మరుసటి యేట, మతప్రచారమును వ్యాపారముగా మార్చుకొన్న ఒక కపట బోధకుని కథయైన ఎల్మర్ గాంట్రీ వెలువడెను. బోస్టన్ నగరమున దాని విక్రయము నిషేధింపబడెను.

1930లో స్వీడిష్ అకాడమీ సాహిత్యమున నోబెల్ బహుమానమును సింక్లెయిర్ లూయిస్‌కు ప్రకటించెను. ఆ బహుమానము పొందిన మొదటి అమెరికను అతడే. మన రవీంద్రనాథ్ ఠాకూర్‌కు ఆ గౌరవము 1913లోనే లభించినదని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, సంపన్నదేశమైన అమెరికా దానికై మరి పదునేడేండ్లు వేచియుండవలసి వచ్చెనని తెలియును. స్టాక్‌హోమ్‌లో చేసిన ఉపన్యాసమున లూయిస్ తన్ను తాను పొగడుకొనలేదు. తన దేశమున జనులు తమను మెచ్చుకొనని సాహిత్యమును చూచి భయపడుదురని నిర్మొగమాటముగా చెప్పెను. ఈ బహుమానమునకు తగిన వారు ఇతరులును కలరని థియొడోర్ డ్రైజర్ మొదలగువారి పేర్లు చెప్పెను. యూజీన్ ఓనీల్‌ను, అప్పటికి యువకులైన హెమింగ్వేను, ఫాక్నర్‌ను ప్రశంసించెను. ఆ మువ్వురును తరువాత క్రమముగ నోబెల్ బహుమానము పొందుటను బట్టి అతని పరిశీలన ఎంత సూక్ష్మమైనదో గ్రహింపవచ్చును.

కీర్తి శిఖరమునకు చేరిన నాటినుండియే అతని జీవితమున క్షీణదశ మొదలయ్యెను. గ్రేస్‌తో వివాహము 1928లో విడిపోయెను. ఆ యేడే ప్రసిద్ధ పత్రికారచయిత్రి డారతీ థాంప్సన్‌ను వివాహమాడెను. ఆమె హిట్లర్‌ను ముఖాముఖి చూచి వ్రాసిన సాహసి. 1934లో జర్మనీనుండి బహిష్కరింపబడినది. యూరపులో పెరుగుచున్న నియంతృత్వమును గూర్చి ఇంట జరుగు చర్చల ప్రభావమున 1935లో లూయిస్ అమెరికాలోనే నియంత ఒకడు ఎన్నికలద్వారా గద్దె నెక్కినచో ఏమగునో ఊహించి ఒక నవల వ్రాసెను. 1936లో అది నాటకముగా మారి పెక్కు నగరములందు ఒకే రాత్రి ప్రదర్శింపబడెను. 2016 తరువాత అమెరికాలో ఆ పుస్తకమునకు మరల గిరాకి కలిగినది.

కాని మద్యపానము అతనిని పట్టుకొన్నది. ఒక చోట కుదురుగా నుండలేకుండెను. ఇల్లు కొనును, అమ్మును, మరియొక ఊరు పోవును. డారతీతో వివాహము 1942లో రద్దయ్యెను. 1944లో పెద్దకుమారుడు వెల్స్ ఫ్రాన్సు యుద్ధభూమిలో మరణించెను. ఆ సంవత్సరములలో లూయిస్ తన మిన్నెసోటాకే తిరిగివచ్చి కొంతకాలము విశ్వవిద్యాలయమున బోధించెను. సుపీరియర్ మహాసరస్సు తీరమున డులూత్ నగరమున ఇల్లు కొని నివసించెను. 1947లో వ్రాసిన కింగ్స్‌బ్లడ్ రాయల్ అను నవల, తన పూర్వీకులలో ఒకడు నల్లజాతివాడని తెలిసికొన్న ఒక తెల్లజాతి ఉద్యోగి కథ. వర్ణద్వేషమును ఇంత సూటిగా ఎదుర్కొన్న తెల్లజాతి రచయితలు ఆ కాలమున అరుదు. దేహము సడలినను అన్యాయమును చూచి మండు స్వభావము సడలలేదు.

ఇక ఊరి సంగతి. 1931లో సాక్ సెంటర్ ఉన్నత పాఠశాలవారు తమ వార్షిక సంచికకు వ్యాసము కోరగా, ఆ క్రిందటి యేడే నోబెల్ బహుమానము పొందిన లూయిస్ కాదనక వ్రాసి పంపెను. అందు అతడు క్షమాపణ చెప్పలేదు. వ్రాసిన దానిని త్రిప్పుకొనలేదు. కాని ఆ ఊరి స్నేహభావమును, వేసవి సరస్సును, వనభోజనములను తలచుకొని, అచట గడచిన బాల్యము మంచిదేయనియు, తరువాతి జీవితమునకు మంచి తరిఫీదు అయ్యెననియు చెప్పెను. తనతో చదివిన బాలురకంటె తాను ఎక్కువ అదృష్టవంతుడనో కానో తెలియదనునంత వినయము ఆ వ్యాసమున కనబడును. ఊరుగూడ మెల్లగా మెత్తబడెను. మెయిన్ స్ట్రీట్ అను పేరును తిట్టుగా కాక పతాకముగా ఎత్తుకొనెను. అచటి పాఠశాల ఆటగాండ్ర జట్టులకు మెయిన్ స్ట్రీటర్లు అని పేరు. పందెమున గెలిచిన పిల్లలు ఆ పేరుతోనే కేకలు వేయుదురు. నిందను బిరుదుగా మార్చుకొనుటకంటె గడుసుదనము వేరొకటి ఉండబోదు.

1951 జనవరి 10వ తేదీన రోము నగరపు ఒక చికిత్సాలయమున లూయిస్ కన్నుమూసెను. వయస్సు అరువది అయిదు. బంధువులెవరును చెంత లేరు. ప్రపంచమంతయు తిరిగిన మనిషి, ఎచటను ఇల్లు నిలుపుకొనలేని మనిషి, తన భస్మము మాత్రము సాక్ సెంటర్‌కు చేరవలెనని కోరుకొనెను. ఆ నెలలోనే, మిన్నెసోటా శీతకాలపు గడ్డకట్టు చలిలో, గ్రీన్‌వుడ్ శ్మశానవాటికయందు తల్లిదండ్రుల ప్రక్కన ఆ భస్మము భూస్థాపితము చేయబడెను. అన్న క్లాడ్ ఆ సమయమున అచట నుండెను.

నేడు ఆ ఊరికి పోవు యాత్రికుడు చూడదగినవి ఎక్కువ లేవు, ఉన్నవి మాత్రము విలువైనవి. డాక్టరుగారి ఇల్లు, లూయిస్ బాల్యము గడచిన ఇల్లు, సింక్లెయిర్ లూయిస్ అవెన్యూలో భద్రపరుపబడి యున్నది. 1968లో దానిని జాతీయ చారిత్రక చిహ్నముగా ప్రభుత్వము ప్రకటించెను. 1901నాటి పామర్ హౌస్ కూడలిలో నిలిచియే యున్నది. పనిలో తప్పించిన గుమాస్తా పేరే ఇపుడు దానికి అతిథులను తెచ్చును. మెయిన్ స్ట్రీట్ పాత కట్టడముల వరుస 1994లో జాతీయ చారిత్రక స్థలముల పట్టికలో చేరెను. సరస్సు ఒడ్డున గుడారములు వేసికొను విడిది తోటకుగూడ లూయిస్ పేరే. ఊరంతయు నడచి చూచుటకు కేరొల్‌కు పట్టిన ముప్పది రెండు నిమిషములు మనకు చాలవు. ఆమెకు తెలియని నూరేండ్ల కథ మనకు తెలిసియుండుటయే కారణము.

మనలో పెక్కురు ఉద్యోగరీత్యా కన్న ఊరిని విడిచి దూరప్రాంతములకు వచ్చినవారమే. సెలవులకు పోయినపుడు ఊరు ఇరుకుగా తోచును. తిరిగి రైలెక్కినపుడు గుండె బరువెక్కును. ఊరి తప్పులు మనకు తెలిసినంతగా పరులకు తెలియవు. వానిని పరులు చెప్పినచో మనము సహింపము. లూయిస్ ఈ రెండు భావములలో దేనిని దాచుకొనలేదు. ప్రేమలేనివాడు అంత వివరముగా చూడలేడు. ఊరును అతని మాట విని, నొచ్చుకొని, ఆలోచించి, తుదకు అతనిని తన బిడ్డగా తిరిగి గైకొన్నది. విమర్శించిన కుమారుని క్షమించుటకు ఊరికెంత పెద్దమనస్సు కావలెనో, విమర్శించిన పిదప ఆ మట్టినే కోరుకొనుటకు కుమారునకు అంత ధైర్యము కావలెను.

గ్రీన్‌వుడ్ వాటికలో అతని గురుతు చిన్న రాయి. పేరు, జనన మరణ సంవత్సరములు, మెయిన్ స్ట్రీట్ గ్రంథకర్త యను మాట మాత్రమే దానిపై చెక్కబడినవి. నోబెల్ బహుమానము ప్రసక్తి దానిపై లేదు. ఏ పుస్తకము ఆ ఊరిని నొప్పించినదో, ఆ పుస్తకము పేరునే ఆ రాయి మోయుచున్నది.